పాట చివర తుల్జమ్మ

డోర్ ప్యాడ్ ఊడదీయగానే అల్లం వాసన వచ్చింది. బండి తలుపుకు లోపలివైపు ఉండే ప్లాస్టిక్ పలకను మా పనిలో డోర్ ప్యాడ్ అంటారు. స్పీకర్ మార్చాలంటే ముందు దాన్ని విప్పాలి. విప్పితే దాని వెనక వాళ్లవాళ్ల బతుకులు రాలుతుంటాయి: బఠానీలు, బీడీ ముక్కలు, ఎప్పుడో పోయిందనుకున్న పిల్లల చెవి దుద్దు. మొన్న ఈ పికప్ తలుపులోంచి మాత్రం ఎర్రమట్టి పొడి రాలింది, దాంతోపాటు ఎండి కట్టెలా అయిన అల్లం కొమ్ము ఒకటి. కోహీర్ నుంచి బండి తెచ్చిన రవి నొచ్చుకున్నాడు. "సెకండ్ హ్యాండ్ల కొన్న అన్నా, ఇంక సాఫ్ చేపియ్యలే" అన్నాడు. నాకు అప్పటికే బండి ఎవరిదో తెలిసిపోయింది. లోపలి వైర్లకు చుట్టిన టేపు నేను చుట్టిందే. అంత వంకరగా జహీరాబాద్‌లో ఇంకెవరూ చుట్టరు. అది సంగప్ప మామ బండి.

మామ అంటే చుట్టరికం కాదు, అలవాటు. నేను హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చి, హైవే పక్కన షట్టర్ తీసుకుని, బండ్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించే దుకాణం పెట్టిన కొత్త రోజులవి. బోర్డు మీద 'సౌండ్ స్పెషలిస్ట్' అని నా కన్నా పెద్ద అక్షరాలతో రాయించాను. స్పెషలిస్ట్ అన్న మాట చూసి ఒక పెద్దమ్మ లోపలికొచ్చి మోకాళ్ల నొప్పులకు మందు అడిగింది. అంతకు మించి గిరాకీ లేదు. శబ్దం అమ్ముకునే దుకాణంలో నిశ్శబ్దం తప్ప సరుకు కదిలేది కాదు. అలాంటి రోజున రాయికోడ్ దిక్కు నుంచి అల్లం మూటలతో వచ్చిన పికప్ ఒకటి నా ముందు ఆగింది. దిగినాయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల మీసం, భుజాన మట్టి రంగు తువ్వాల.

"పిలగా, గీ బండ్ల కంపెనోడు పెట్టిన పాటల డబ్బ ఉన్నది. గందుల ఆడోళ్ల గొంతు ఇనొస్తలేదు. జర చూస్తవా?"

నేను నేర్చుకున్న చదువంతా ఒక్కసారే ఆయన మీద కుమ్మరించాను. పెద్ద బేస్ పెడితే ఎలా ఉంటుందో, వాట్లు పెరిగితే ఏమవుతుందో చెప్పి, చివరికి "సీటంత అదురుతది మామా" అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సీటు అదిరితే నాకేం లాభం? ఈ రోడ్ల మీద నా నడుము ముందుగాలనే అదిరిపోయి ఉన్నది. అది సరే, నేనేం ఇనాల్నో అడిగినవా?"

అడగలేదు. స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఆ మాట అడగాలని నాకెవరూ నేర్పలేదు. "ఏం ఇనాలె మామా?" అన్నాను.

"మా ఇంటామెను."

ఆయన జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్‌లో ఒకటే పాట ఉంది. వాళ్ల ఊరి సప్తాలో, అంటే ఏడు రోజులు ఆపకుండా సాగే భజనలో, ఎవరో ఫోన్లో పట్టింది. మా వైపు మూడు భాషలు కలిసే చోటు కాబట్టి ఒకే పందిట్లో మరాఠీ పాట తర్వాత కన్నడం, కన్నడం తర్వాత తెలుగు వస్తుంటాయి. ముందు డోలక్, తాళాలు, మగవాళ్ల గుంపు. వెనక ఆడవాళ్ల గుంపు. ఆ గుంపులో ఎక్కడో ఆయన భార్య తుల్జమ్మ ఉంది. ఆ సప్తా అయిన తర్వాతి వానాకాలంలో ఆమె జ్వరంతో చనిపోయింది. ఫోటోలు నాలుగైదు మిగిలాయి. గొంతు మాత్రం ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇంతమందిలో ఎలా గుర్తుపడతావని అడిగాను.

"బీదర్ దిక్కు పిల్ల. లగ్గమైన కొత్తల కన్నడం తప్ప ఏం రాకపోయె. పక్కామె నోరు చూస్కుంట పాడేది. అందుకే అందరికన్న జర ఎనకుండేది. అందరు ఆపినంక ఒక్కతే ఇంకింత సేపు పాడి, అయ్యో అనుకొని ఆపేది. భాష వచ్చినంక గూడ గా అలవాటు పోలే. అందరి ముంగట ఇజ్జత్ తీస్తున్నవని మస్తు తిట్టిన." కాసేపు తువ్వాలతో స్టీరింగ్ తుడిచాడు. దాని మీద తుడవడానికి ఏమీ లేదు. "గిప్పుడు గా ఎనక ముక్కనే నాకు మిగిలింది."

కంపెనీ బిగించిన పూరీలంత స్పీకర్లు తీసేసి మంచివి పెట్టాను. పాట మొదలైంది, సాగింది, ఆగింది. నేను బంద్ చేయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. పాట అయిపోలే."

అందరూ ఆపాక, తాళం మోత కూడా ఆరిపోయాక, ఒక సన్నని గొంతు ఇంకా నిలబడి ఉంది, తలుపు సందులో చిక్కుకున్న చీర కొంగులా. తర్వాత అదీ జారిపోయింది. "గదే" అన్నాడు ఆయన. ఆ మధ్యాహ్నమంతా మేం ఆ ముక్క కోసమే మొత్తం పాటను మళ్లీ మళ్లీ విన్నాం. మర్నాటి నుంచి అల్లం మండీకి వచ్చే బండ్లన్నీ ఒక్కొక్కటిగా నా షట్టర్ ముందు ఆగసాగాయి. సంగప్ప పంపించిండని చెప్పేవాళ్లు. నా బోర్డు చేయలేని పని ఆయన నోరు చేసింది. వచ్చినవాళ్లను నేను మొదట ఏం వినాలో అడిగేవాణ్ణి. ఒకాయన ఇంజన్ చప్పుడు వినబడకుండా ఉంటే చాలన్నాడు, ఇంకొకాయన క్రికెట్ కామెంటరీ అన్నాడు. అందరి బండ్లూ ఒకటే అయినా, ఎవరి చెవి కోరిక వారిది.

ఏడాది తిరిగాక మామ మళ్లీ వచ్చాడు. "స్పీకర్లు మెత్తబడ్డయి పిలగా, ఆమె సరిగ్గ ఇనొస్తలేదు." సన్నని శబ్దాలను పట్టి ఇచ్చే చిన్న స్పీకర్లుంటాయి, ట్వీటర్లంటారు. అవి బిగించాను. కొన్నాళ్లు సంతోషంగా తిరిగాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి సీటు కింద యాంప్లిఫయర్ పెట్టి శబ్దం పెంచాను. పాట పెడితే రోడ్డు అవతల చాయ్ హోటల్లో వాళ్లు తలలు తిప్పి చూశారు. తుల్జమ్మ గొంతు సూదిలా నా చెవిలో దిగుతోంది. మామ కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"డోలక్ మంచిగున్నది. ఆమె లేదు. నువ్వు సరిగ్గ బిగియ్యలే."

అప్పుడు చెప్పాను. బండిలో ఆమె ఉందని, నాకు వినబడుతోందని, ఒకసారి చెవులు చూపించుకొమ్మని. ఆయన మొహం నల్లబడింది.

"బండి చూడమంటె నన్ను చూస్తున్నవా? రేపు నా చేతుల స్టీరింగ్ గూడ గుంజుకుంటవా?"

తలుపు వేసిన చప్పుడు నాకు బాగా వినబడింది. ఆయనకు వినబడిందో లేదో. నా మాట పెడచెవిన పెట్టాడని అనడానికి లేదు. పాపం, ఆయనకు మిగిలినవి రెండూ పెడచెవులే.

చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజున స్టీరింగ్ ముందు ఆయన కొడుకు మల్లేశ్ ఉన్నాడు, మామ పక్క సీట్లో ఉన్నాడు. హైదరాబాద్ దవాఖానలో చూపించామని, సన్నని శబ్దాలు ముందు పోతాయని, లావువి తర్వాత పోతాయని డాక్టర్ చెప్పాడని, మందు లేదని మల్లేశ్ అన్నాడు. చెవికి మిషన్ పెట్టారు. దాంతో మనిషి ఎదురుగా నిలబడి చెప్పే మాట అందుతోంది కానీ, పాట పెడితే రేకు మీద మేకు గీసినట్టుందట. నాకో ఉపాయం తోచింది. కంప్యూటర్లో పాట స్థాయిని దించి, ఆడగొంతును లావు చేసి వినిపించాను. మామ ముందుకు వంగాడు. విన్నాడు, నిజంగానే విన్నాడు. తర్వాత వెనక్కి ఒరిగాడు.

"వీడెవడో మొగోడు. మా ఇంటామె జాగల ఎందుకు పాడుతున్నడు?"

మల్లేశ్ నవ్వాడు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు.

ఆ తర్వాత ఆయనే ఒక దారి పట్టాడు. సంత రోజున కొడుకు అల్లం దించడానికి మండీకి వెళ్తే, ఆయన నా దుకాణంలో కూర్చునేవాడు. అసలు పాటే పెట్టమనేవాడు. పాట సాగుతుంటే తన అరచేయి నా ముందు పరిచేవాడు. అందరూ ఆపాక, తుల్జమ్మ ఒక్కతే పాడే ముక్క రాగానే నేను ఆ చేతి మీద వేలు ఆనించాలి. ఆమె ఆపగానే తీసేయాలి. మట్టి పని చేసిన చేయి, గీతలన్నీ పగిలి ఉండేవి. నా వేలు ఉన్నంత సేపు ఆయన ఊపిరి తీసుకునేవాడు కాదు.

"ఇయ్యాల జర ఎక్కువ సేపు పాడింది" అన్నాడు ఒకసారి.

అదే పాట. వేలు ఎక్కువ సేపు ఉంచింది నేను.

"మామా, నీకు వినబడకపోతే బాధ లేదా?" అని చెవి దగ్గర అరిచి అడిగాను.

"బాధ లేకేం పిలగా. గని నాకు ఇనొస్తలేదని ఆమె పాడుడు బంద్ పెట్టలే గద. ఇనెటోడు ఒకడుండాలె. ఎవ్వరు ఇనకపోతే అప్పుడు పోయినట్టు." పెన్‌డ్రైవ్ నా బల్ల సొరుగులో వేశాడు. "నీ దగ్గర్నే ఉండని."

చిరాగ్‌పల్లి దగ్గర హైవే దాటుతుండగా లారీ తగిలి మామ పోయాడు. చుట్టాల ఇంటికి వెళ్లి, చెవి మిషన్ జేబులో పెట్టుకుని, ఒక్కడే తిరిగి వస్తున్నాడట. లారీ డ్రైవర్ రోడ్డు పక్కన కూలబడి, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు: "హారన్ కొట్టిన సాబ్, కొడుతనే ఉన్న, పెద్దమనిషి మర్లి చూడలే." ఆ రోడ్డు మీద తిరిగే లారీల్లో కొన్నింటికి హారన్లు బిగించింది నేనే. ఎంత దూరం వినబడతాయో గొప్పగా చెప్పి బిగించాను. మల్లేశ్ మళ్లీ ఆ బండి ఎక్కలేకపోయాడు, అమ్మేశాడు. ఎవరికో, ఎవరి నుంచి ఇంకెవరికో చేతులు మారి, మొన్న రవితో నా దగ్గరికి వచ్చింది.

ఏం ఇనాలె తమ్మీ, అని రవిని అడిగాను. "నేనేం ఇనుడన్నా, ఊరంత ఇనాలె" అన్నాడు. వాడు కోరినంత బేస్ పెట్టాను. పాత ట్వీటర్లు మాత్రం తీయలేదు. అన్నీ బిగించాక సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టాను. నేను బిగించిన ప్రతి బండినీ ఆ పాటతోనే పరీక్షిస్తాను, ఇన్నేళ్లుగా. ఇది భజన గదా అన్నట్టు రవి నా వైపు చూశాడు కానీ పెద్దవాణ్ణని ఊరుకున్నాడు.

నా చెవుల్లో కొన్నాళ్లుగా ఒక ఈగ గుయ్యిమంటూ కాపురం పెట్టింది. రోజంతా స్పీకర్లలో తల పెట్టుకునేవాడికి అది మామూలేనని సరిపెట్టుకున్నాను. టీవీ చప్పుడు ఎందుకంత పెంచుతావని మా ఆవిడ అడిగితే, ఈ కంపెనీ టీవీల్లో గొంతే ఉండదని తిట్టాను.

డోలక్ ఆగింది. తాళాలు ఆగాయి. గుంపు ఆగింది. ఎప్పటిలాగే కాసేపు ఆగాను. ఈగ మోత తప్ప ఏమీ లేదు. సరేనని బటన్ మీద చెయ్యి వేశాను.

"ఆగన్నా, బంద్ చెయ్యకు" అన్నాడు రవి. "ఎవరో ఒకామె ఇంక పాడుతున్నది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ అరచేతినే తిప్పి, రవి ముందు పరిచాను.