గట్టు మీద వేలాడిన బావురుపిల్లి

రొయ్యల గుంటల దగ్గర ఒక ఆచారం ఉంది. కాకులు రొయ్యలు ఎత్తుకుపోతుంటే ఒక కాకిని చంపి, గట్టు మీద కర్ర పాతి, తలకిందులుగా వేలాడదీస్తారు. మిగతావి చూసి భయపడాలని. కాకులు భయపడతాయో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ కర్ర పాతినవాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

నేను కావలిలో జంతుశాస్త్రం చెబుతాను. వాకాడు వైపు ఉప్పునీటి పాయ పక్కన మిగిలిన కాస్త మడ అడవిలో ఏమేం బతుకుతున్నాయో తేల్చడానికి వేసిన బృందంలో నన్నూ వేశారు. ఆ మడను కొట్టేసి, పక్కనే ఉన్న తన రొయ్యల గుంటలకు తోడు ఇంకొన్ని తవ్వుతానని దరఖాస్తు పెట్టుకున్నవాడు మా చిన్నాన్న కొడుకు. బంధువు కాబట్టి తప్పుకోమని కొందరు పెద్దమనుషులు సలహా ఇచ్చారు. ఈ తీరంలో నాకు బంధువు కానివాడి గుంట ఎక్కడుందో చూపిస్తే అక్కడికే పోతానన్నాను. ఎవరూ చూపించలేదు.

అక్కడ బావురుపిల్లి ఉందని రుజువైతే మడ మీద చెయ్యి వెయ్యడం కుదరదు. నీళ్లలో దిగి చేపలు పట్టే అడవి జంతువు అది, ఊరపిల్లికి రెండింతలుంటుంది. మేం చెట్లకు కట్టిన కెమెరాలో ఒకసారి పడింది గానీ బొమ్మ మసక. దరఖాస్తు మీద అధికారి పెట్టిన విచారణలో ఆ తమ్ముడు లేచి, అది తన రొయ్యలు తిని బలిసిన ఊరపిల్లేనని చెప్పాడు. అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. తోక ఎంత పొట్టిగా ఉందో చూడమని నేను గొంతు చించుకున్నాను. చివరికి ఆయన, స్వయంగా వచ్చి చూస్తాననీ, ఏమీ దొరక్కపోతే అనుమతి ఇచ్చేస్తాననీ తేల్చాడు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే నేను ముందుగా తమ్ముడి గుంటల గట్టెక్కాను. కాకి వేలాడే కర్రకు బావురుపిల్లి వేలాడుతోంది. వెనక కాళ్లకు నైలాను తాడు. పుర్రె ఒక పక్క చితికిపోయింది, ఆ పక్క కన్ను బయటికొచ్చింది, మూతి నుంచి నెత్తురు ఇంకా కారుతోంది. తెల్లారుజామున గుంటలో దిగిందని కాపలావాళ్లు పారలతో కొట్టి చంపి, అలవాటు చొప్పున కట్టేశారు. లేనే లేదని యజమాని ప్రమాణం చేసిన జంతువును అతని మనుషులే నలుగురికీ కనిపించేలా వేలాడదీశారు. ఆ పిల్లి లేదన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

నేను తాడు కోసి పిల్లిని దించుకునేసరికి తమ్ముడు మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనకాలే వాడి వేటకుక్క.

"అక్కా, దాన్ని ఇట్టియ్యి. బురదలో తొక్కేస్తారు మావోళ్లు."

"నన్ను కూడా తొక్కమనరా. ఒకే గుంట సరిపోద్ది."

వాడు ముందు కాళ్లు పట్టుకుని లాగాడు, నేను వెనక కాళ్లు లాగాను. వాడు కాపలావాళ్ల వైపు కళ్లెత్తి చూశాడు, అంతే, కాపలావాడొకడు పారకర్రతో నా కుడి ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పిల్లిని చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో చెప్పు తీసి ఆ కొట్టినవాడి మొహం మీద, పెదవి చిట్లేదాకా కొట్టాను. వాడు పార వదిలేసి వెనక్కి తగ్గాడు. ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటావా అని తమ్ముడు వాణ్ణి తిట్టాడు. అంత మర్యాదస్తుడు.

అప్పుడే అధికారి జీపు వచ్చింది. చచ్చిన పిల్లిని చూడగానే ఆయనకు నవ్వు రాలేదు. కానీ మా తమ్ముడు తెలివైనవాడు, ఒక్క క్షణంలో మాట మార్చేశాడు.

"ఉన్నింది సార్, ఒప్పుకుంటా. ఒక్కటే ఉన్నింది, అదీ పాయె. ఇంక ఆడ కాపాడేదానికి ఏముండాది?"

ఆ మాట అధికారికి నచ్చిందని ఆయన మొహమే చెప్పింది. నా ఒళ్లు మండిపోయింది. పిల్లిని జీపు ముందు భాగం మీద వెల్లకిలా పడేసి, పొట్ట మీది చన్నును ఎడమ చేత్తో నొక్కాను. నెత్తుటి జీరతో పాలు వచ్చాయి.

"కూనలు మడ లోపలుండాయి సార్. ఒక్కటి కాదు."

తమ్ముడు మడ వైపు చూసి, నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. పందుల్ని చీల్చడానికి పెంచిన కుక్క అది. ఈల వినగానే గట్టు మీదుగా మడలోకి పరుగెత్తింది. దారికి అడ్డంగా నేనున్నాను. కింద పడున్న పార ఎడమ చేత్తో తీసుకుని, అది నన్ను దాటబోతుండగా తల మీద కొట్టాను. కింద పడి కాళ్లు కొట్టుకుంటుంటే మళ్లీ కొట్టాను. జంతువుల లెక్కకొచ్చి జంతువును చంపిందని ఇప్పటికీ వెటకారం చేసేవాళ్లున్నారు. ఆ కుక్క మడలోకి దూరాక లెక్క ఎంత మిగిలేదో వాళ్లు చెప్పమనండి.

అధికారి కేసుకు భయపడ్డాడో నాకు భయపడ్డాడో గానీ, దరఖాస్తు తిరస్కరిస్తున్నట్టు అక్కడే నిలబడి రాశాడు. పిల్లిని చంపిన కేసు కాపలావాళ్ల మీద పడింది, మా తమ్ముడి మీద పడలేదు. కూనలు ఇంతవరకూ మా కెమెరాల్లో కనబడలేదు. మడ ఉంది.

ఆ పొద్దున తమ్ముడు ఆ బురదలోనే కూర్చుని కుక్క తలను ఒళ్లోకి తీసుకున్నాడు. వాడు ఏడవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"ఇది నీకేం చేసినాది అక్కా?"

"ఏమీ చేయలేదు. ఈలేసింది నువ్వు" అన్నాను.