ఆపకూడదనుకున్న కంప్యూటరు

తొంభైల తొలిరోజుల్లో ఉక్కు కర్మాగారమున్న ఊళ్లో, బారిడీహ్‌లోని మా క్వార్టర్ల వరుసలో కంప్యూటరున్న ఇల్లు ఒక్కటే. అది బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసే అన్నయ్యగారిది. మాకు చుట్టరికం లేదు. ఇద్దరం శ్రీకాకుళం వైపు వాళ్లం కనుక అలా పిలుచుకునేవాళ్లం. వదిన కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తూ, వానాకాలంలో సాల్ చెట్ల కింద మొలిచే పుట్టగొడుగుల మీద పరిశోధన చేసేవారు. ఆమె సిద్ధాంత గ్రంథానికి వేరే ప్రతి లేదు. ఉన్నదంతా ఆ కంప్యూటరులోనే. సోమవారం రాంచీలోని గైడుకు అచ్చుప్రతి అందించాలి.

శనివారం మధ్యాహ్నం అన్నయ్య నన్ను పిలిచాడు. తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడి, కిందికి జారి, అడుగున కుప్పపడుతున్నాయి.

"వైరస్సట తమ్ముడూ. ఎవరో ఇచ్చిన ఫ్లాపీ ఎట్టి క్లీన్ చేత్తన్నాను. కాసేపు బాగుంటాది, మళ్లీ వచ్చేత్తాది."

"క్లీన్ చేసే ముందు ఒకసారి ఆపారా?"

"ఆపడమేటి? మొన్నట్నుంచీ ఆపనేదు."

పెట్టె మూత తీసి ఉంది. వేడెక్కకుండా దానివైపు టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాడు. ఆయన భయం నాకు అర్థమైంది. ఫర్నేసు చల్లారితే లోపల కరిగిన ఇనుము గడ్డకడుతుంది. ఆ పని చేసేవాళ్లకు ఆపడమంటే చంపడమే. నేను రోలింగ్ మిల్లు మెయింటెనెన్సు మనిషిని. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే మేము యంత్రం మీద చెయ్యి వేస్తాం.

వైరస్ కూడా ఒక ప్రోగ్రామే. ఒకసారి నడిచిందంటే, కరెంటు పోయేదాకా కంప్యూటరు జ్ఞాపకంలో కూర్చుని, ఆ తర్వాత నడిచే ప్రోగ్రాములకు తన నకలు అంటిస్తుంది. అన్నయ్య డిస్కును కడుగుతున్నాడు కానీ, మురికి పుట్టేచోటు నడుస్తూనే ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఆపితే మళ్లీ లెగుత్తాదని రాసిత్తావేటి?" అన్నాడు.

"పాపా, అబ్ తో మాన్ జావో నా!" అంది వాళ్లమ్మాయి, ఇక ఒప్పుకోమన్నట్టు.

వదిన నావైపు తిరిగారు. "నా ఫైలుకేటీ కాదని నువ్వు చెప్పగలవా బాబూ?"

"ఆపినంత మాత్రాన డిస్కు మీదున్నది పోదు వదినా. ఇప్పటికే ఏమైనా చెడిందా అన్నది మాత్రం ఆపి చూశాకే చెప్పగలను."

ఆమె గోడ దగ్గరకు వెళ్లి, తానే స్విచ్చి ఆపేశారు. అన్నయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఎవరూ రాయడానికి వీల్లేకుండా అంచు గాడికి స్టిక్కరు అంటించిన ఫ్లాపీ నా దగ్గర ఒకటుండేది. డిస్కులోని ప్రోగ్రాములేవీ నడవకుండా కంప్యూటరును దానితో లేపి, వాటి పరిమాణాలను కొన్నప్పుడు వచ్చిన అసలు ఫ్లాపీలలోని వాటితో పోల్చాను. చెడినవన్నీ సరిగ్గా ఒకే కొలత పెరిగాయి. అంటే అన్నిటికీ అంటుకున్నది ఒక్కటే. వాటిని తుడిచేసి, అసలు ఫ్లాపీలనుంచి మళ్లీ ఎక్కించి, వదిన చివరి అధ్యాయం తెరిచాను.

అక్షరాలు కదల్లేదు. వదిన కుర్చీ ముందుకు లాక్కుని చదవసాగారు. ఒకచోట వేలు ఆగింది. అన్నయ్య ఉలిక్కిపడి, "మళ్లీ ఏటైనాది?" అన్నాడు.

"ఒక పేరు రెండుసార్లు పడిందండీ. ఇది వైరస్ కాదు, నా నిర్వాకమే."

అది దిద్దాక ప్రింటరు మొదలైంది. దాని రొద వీధి చివరిదాకా వినిపించేది. అన్నయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని, కాగితాల అంచుల్లో చిల్లులున్న పట్టీలను చిరగకుండా విడదీస్తూ కూర్చున్నాడు. సోమవారం ఉదయం బస్సులో వదిన ఆ కట్టను సంచిలో పెట్టనివ్వలేదట. రాంచీ దాకా ఒళ్లోనే పెట్టుకున్నారట.