నా గుండె ఆగిన ఆదివారం

నేను పోతే నా గది ముందు ఎవరెవరు నిలబడతారో నాకు తెలుసు. బతికున్నవాడికి తెలియాల్సిన సంగతి కాదది. నాకు తెలిసిందంటే అది జ్ఞానం వల్ల కాదు, శుద్ధ తెలివితక్కువతనం వల్ల. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎలక్ట్రానిక్స్ చదివి, విజయవాడలో గుండె పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరిన కొత్తలో గవర్నర్‌పేటలో లాడ్జి గది నెలవారీ అద్దెకు తీసుకున్నాను. ఊళ్లో ఒక్క మనిషీ తెలియదు. పగలంతా ల్యాబులో మీటర్లతో కాపురం, సాయంత్రం గదిలో ఫ్యానుతో కబుర్లు. మేం చేస్తున్నది ఛాతీకి అంటించుకునే బిళ్లలాంటి సెన్సర్. గుండె చప్పుడు అందకపోతే అది ఫోనుకి చెబుతుంది, ఫోను మన దగ్గరివాళ్లకి మెసేజ్ పంపుతుంది. పరీక్షించడానికి ఎవరూ దొరక్క నా ఛాతీకే అంటించుకున్నాను. జలగలా పట్టుకుంది.

అయితే 'దగ్గరివారి నంబరు' ఇవ్వనిదే యాప్ ముందుకు కదలనంది. ఇంట్లోవాళ్లది ఇస్తే హడలిపోతారు. ఫోనంతా వెతికాను. కూర గదికి పంపమని నేను రోజూ ఫోన్ చేసేది వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఎలీశమ్మగారికి ఒక్కరికే. ఆవిడ నంబరు కొట్టాను. ఆవిడకు చెప్పలేదు. పరీక్షే కదా, అంతదాకా ఎందుకొస్తుందనుకున్నాను.

ఆదివారం పొద్దున బిళ్ల పీకి మంచం మీద పడేసి, పరీక్ష ఆపడం మరిచిపోయి, లాగితే దానంతటదే తాళం పడే తలుపు మూసి, వరండా చివరి బాత్‌రూముకి వెళ్లాను. వారం బట్టలన్నీ ఉతుక్కుని తువ్వాలుతో తిరిగొచ్చేసరికి నా గది ముందు తెల్లచీరల ఆడవాళ్లు తలలు వంచి ప్రార్థన చేస్తున్నారు. లాడ్జిలో ఎవరో పోయారనుకున్నాను. మర్యాదగా వెనక నిలబడి, పక్కనున్నావిణ్ణి మెల్లగా అడిగాను.

"ఎవరండీ పోయింది?"

ఆవిడ కళ్లు తెరవకుండానే చెప్పింది. "ఎవరో కుర్రాడంటండీ. ఊళ్లో నా అన్నవాళ్లే లేరంట. ఒక్కడే ఉంటాడంట పాపం."

వినగానే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కుర్రాడి కోసం నేనూ తలవంచాను. చివర్లో "ఆమెన్" కూడా అన్నాను, అందరికంటే గట్టిగా.

ఆ గొంతు విని ఎలీశమ్మగారు వెనక్కి తిరిగారు. చేతిలో ఫోను, ఫోనులో నేనే రాసిపెట్టిన మెసేజ్: 'సురేష్ గుండె చప్పుడు అందడం లేదు. వెంటనే రండి.' చర్చిలో ఉండగా వచ్చిందట. పక్కనున్నవాళ్లని ఆటోల్లో ఎక్కించుకుని వచ్చేశారు. తలుపు ఎంత కొట్టినా పలుకు లేదు. మేనేజరు కింద మారుతాళం వెతుకుతున్నాడు.

నేను తువ్వాలు గట్టిగా పట్టుకుని, సెన్సర్ గొప్పతనం, దాని సిగ్నల్ కచ్చితత్వం వివరిస్తూ పోయాను. ఆవిడ ఒక్క ముక్క వినలేదు.

"నా నంబరెందుకిచ్చావు బాబూ?"

"ఈ ఊళ్లో నాతో రోజూ మాట్లాడేది మీరేనండి."

"నేనేం మాట్లాడతానయ్యా? పప్పు కావాలా, సాంబారు కావాలా అంటాను."

"అదేనండి."

 ఆవిడ ముందు చొక్కా వేసుకోమని, మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనేనని చెప్పారు. వెళ్లాను. చచ్చి బతికినవాడు తినాల్సినంత తిన్నాను.

ఆ విస్తరి ముందే, చేతిలో ముద్ద పట్టుకుని ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా గుండె నిజంగా ఆగినా సరే, ముందుగా అనుమతి తీసుకోకుండా ఎవరికీ కబురు పెట్టను.