స్వరాజ్యం అక్క నిద్రపరీక్ష

మా స్వరాజ్యం అక్క తాను పడుకుని చూడని బొంతను గుమ్మం దాటనివ్వదు. చేత్తో తడిమి చూడడం, వెలుతురుకు ఎత్తిపట్టి చూడడం ఆమె లెక్కలోకి రావు. బొంత కప్పుకోవాలి, నిద్రపోవాలి, లేచి తీర్పు చెప్పాలి. అంతదాకా ముట్టుకుంటే చేతిమీద ఒక్కటిస్తుంది.

మేమిద్దరం కలిసి సూరత్ గోడాదరాలో బొంతల పని మొదలుపెట్టింది 2020 జనవరిలో. మగ్గాలు ఎత్తేసిన హాలు అద్దెకు తీసుకుని, ఒక సెకండ్‌హ్యాండ్ లాంగ్‌ఆర్మ్ మిషన్ కొన్నాం. మామూలు మిషన్ కింద గుడ్డ జరుగుతుంది. ఇక్కడ పన్నెండడుగుల చట్రం మీద బొంత బిగించి ఉంటే, మిషనే పట్టాల మీద తిరుగుతుంది. స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు దాని పిడులు పట్టుకుని నడపాలి. సూరత్‌లో చీరల కట్‌పీసులకు కరువేముంది! నేను ముక్కలు అతికేదాన్ని, అక్క వాటి మీద పువ్వులూ అలలూ కుట్టేది. పొద్దున కుట్టేది, మధ్యాహ్నం పడుకునేది.

మొదటి గిరాకీ పక్క బిల్డింగ్ హంసాబెన్. “మేరీ గోదడీ హో గయీ?” అంటూ తన బొంత కోసం వచ్చింది.

“సిలాయీ హో గయీ బెన్. నీంద్ బాకీ హై,” అంది అక్క.

హంసాబెన్ నావైపు చూసింది. కుట్టడం అయిపోయాక ఇంకా నిద్ర బాకీ ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు? నేను మిషన్‌కు నూనె వేస్తున్నట్టు తల వంచుకున్నాను.

మర్నాడు బొంతకు ఒక చీటీ గుచ్చి ఇచ్చింది. “నిద్ర: గంటా పది నిమిషాలు. కల: బర్రె ఈనింది. పాస్.” ఆ తెలుగు చీటీని నాతో చదివించుకుని హంసాబెన్ పొంగిపోయింది. వారం తిరక్కుండా ఆమె సొసైటీ నుంచి ముగ్గురు వచ్చారు. ఒకావిడకు బంగారు గాజుల కల వచ్చిన బొంత కావాలి. ఇంకొకావిడకు ద్వారక దర్శనం కావాలి.

“కల నా చేతులున్నదా? బొంత ఏది సూపిస్తే గదే,” అని అక్క వాళ్లను పంపేసింది.

ఒకసారి పెళ్లికూతురికి పెట్టే బొంత కుట్టాం. చీటీ చూస్తే “కల: కుక్క తరిమింది” అని ఉంది. మెల్లగా పీకి జాకెట్లో దాచుకున్నాను.

“తియ్యకే హారతీ! గిట్ల కల్తీ చేస్తే మన ధంధా నిలుస్తదా?” అని మళ్లీ గుచ్చింది. వాళ్లకు తెలుగు రాకపోవడం మా అదృష్టం.

పరీక్ష జరిగినంతసేపూ ఫ్యాన్ ఉండదు. ఎందుకక్కా అంటే, “గిరాకీ ఇంట్ల కరెంట్ పోతే?” అంటుంది. సూరత్ ఎండల్లో, కిటికీ మూసిన హాల్లో, బొంత కింద ఆమె రెండు నిమిషాల్లో గురక పెట్టేది. నేను విసనకర్ర పట్టుకుని బయట మెట్ల మీద కూర్చునేదాన్ని.

మార్చిలో మా ఆయన రాంప్రసాద్ మేనల్లుడి పుట్టువెంట్రుకలకని రెండు రోజుల కోసం సిరిసిల్ల పోయాడు. ఆయన అక్కడుండగానే కరోనా అని దేశమంతా మూసేశారు. రోజూ ఫోన్ చేసి ఒకటే మాట.

“బస్సుల్లేవు, రైళ్లు లేవు. నడిచి వస్త.”

“నడిచినవంటే నా మీద ఒట్టు!”

ఒట్టైతే పెట్టాను కానీ, హైవేల వెంట మూటలు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లను టీవీలో చూస్తుంటే అందరిలోనూ ఆయనే కనిపించేవాడు. ఆయన మాట వినే రకం కాదు. ఎప్పుడు మోగుతుందోనని ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకునేదాన్ని. నలభై రోజులు నాకు సరైన నిద్ర లేదు. గుడ్డకు కాకుండా నా వేలికే సూది గుచ్చుకునేది.

అప్పుడే కతర్‌గామ్ నుంచి వజ్రాల సేఠ్ కబురు పెట్టాడు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే తన వాడీలో క్వారంటైన్ మంచాలు వేయిస్తున్నాడట, పై వారం శనివారానికి ముప్పై బొంతలు కావాలట. ఆ ఆర్డర్ పోతే మా హాలుకు తాళమే. మిషన్ హాల్లో, మా ఇళ్లు పైన, కాబట్టి గడప దాటకుండానే పని మొదలుపెట్టాం.

ముప్పై బొంతలంటే ముప్పై నిద్రలు. అక్క రోజుకు మూడు షిఫ్టులు పడుకుంది. అదీ మూతికి మాస్కుతో.

“అక్కా, నిద్రల మాస్కెందుకు?”

“పేషెంట్ ఎట్ల పంటడో గట్లనే పండాలె.”

అంత దీక్షగా ఇరవై తొమ్మిది పాస్ చేసి, చివరిదాని దగ్గర చేతులెత్తేసింది. “నా నిద్ర ఖరాబైందే. ఇప్పుడు గోనెసంచి కప్పినా నిద్రపోత. పరీక్షంటే నిద్ర రానోళ్లు చెయ్యాలె. నువ్వు పండు.”

గురువారం పడుకున్నాను. కన్ను మూతపడలేదు. “ఫెయిల్” అని అక్క కుట్లన్నీ విప్పి పెద్ద అలలు కుట్టింది. శుక్రవారం పడుకున్నాను. మళ్లీ ఫెయిల్. దూది మార్చింది. శనివారం మధ్యాహ్నమైంది. మూలన దుప్పటి కప్పిన బొంతల గుట్ట నన్నే చూస్తున్నట్టుంది.

“అక్కా, నీ కాళ్లు మొక్కుత. సేఠ్ మనిషి వస్తడు, ఇచ్చేద్దాం.”

“రానీ. నువ్వైతే పండు.”

ఒళ్లు మండి, కళ్లు మూసుకుని దొంగగురక తీశాను.

“గది గురక కాదే. నూనె లేని మిషన్ సప్పుడు,” అంది అక్క. అని నా గుండెల మీది ఫోన్ లాక్కుని కొంగుకు ముడేసుకుంది. “ఇది నా దగ్గర ఉంటది. మోగితే నేను చూస్త. నువ్వు చూసేదేం లేదు.”

మొదటిసారి ఫ్యాన్ కూడా వేసింది. అదేమిటని అడుగుదామనుకున్నాను. అడిగానో లేదో నాకు గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడెక్కింది. బయట చీమ చిటుక్కుమనడం లేదు. గుమ్మంలో అక్క కర్ర పట్టుకుని స్టూల్ మీద కూర్చుంది. ఎదురింటి చిన్నవ్వ కిటికీలోంచి గుసగుసగా అడిగింది.

“లేచినవా బిడ్డా? ఇగ మాట్లాడొచ్చా? మీ అక్క గల్లీ అంత బంద్ పెట్టింది. చెత్తబండిని పాట బంద్ చేయించి తోయించింది. కూరగాయలాయన సైగలతోని బెండకాయలమ్మిండు. నేను పోపు సుత పెట్టలే!”

నేను ముందు ఫోన్ అడిగాను. “మీ ఆయన చేసిండు,” అంది అక్క తాపీగా. “పోలీసోళ్ల పాస్ వచ్చిందంట, లారీల సీటు దొరికిందంట. సోమవారం బయల్దేరుతడంట. హారతి పన్నది, లేచినంక చెయ్యి అన్న.”

“నన్నెందుకు లేపలేదు!” అని అరిచాను.

“పరీక్ష నడుమ లేపితే లెక్కకొస్తదా?”

“మరి సేఠ్ మనిషి?”

అక్క లేచి మూలనున్న దుప్పటి లాగింది. కింద కట్‌పీసుల సంచులు ఉన్నాయి. “ముప్పై నేనే పండి పాస్ చేసిన, బుధవారమే వచ్చి తీస్కపొయిండు. నువ్వు పైన వంట చేస్తున్నవ్.”

“ముప్పయ్యా? మరి నేను కప్పుకున్నది?”

“ముప్పై ఒకటోది.”

“మరి మూడు రోజులు విప్పుడు, కుట్టుడు, ఫెయిల్ అనుడు?”

“ఏం జెయ్యాలె? గిరాకీ జర మొండిది.”

ఆమెను తిట్టాలనీ అనిపించింది, వాటేసుకోవాలనీ అనిపించింది. ఆరడుగుల దూరం రూలుంది కాబట్టి తిట్టాను. అక్క హాయిగా వింటూ కొంగు ముడి విప్పి ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఆయనకు ఫోన్ కలుపుతూ బొంత మడతపెడుతుంటే చీటీ కనిపించింది.

“గిరాకీ: హారతి. నిద్ర: నాలుగు గంటల ఇరవై నిమిషాలు. కల: గురకల వినబడలే. పాస్.” దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. “బొంత ఇద్దరికి సరిపోతది. రెండో పరీక్ష ఆయన వచ్చినంక.”