వగరు లేని ఉగాది

నిన్న నారాయణగూడ మార్కెట్ ముందు ఒక బండి మీద ఈ ఏటి మొదటి మామిడికాయలు కనిపించాయి. తొడిమల దగ్గర జీడి ఇంకా ఆరలేదు. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లి, మళ్లీ దానంతటదే వెనక్కి వచ్చింది. "ఏంది సార్, మస్తు పుల్లగున్నయ్, తీస్కోండ్రి" అన్నాడు బండతను. పులుపు మీద నాకు అనుమానం లేదు. అశోక్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మకు ఇంకా ఫోను రాలేదు, అదీ సంగతి.

ఆ ఫోను కథ చిక్కడపల్లిలో ఒక కమ్యూనిటీ హాల్లో మొదలైంది. కొన్నేళ్ల కిందట అక్కడ ఆదివారాలు ఆదివాసుల గురించి తరగతులు పెట్టారు. వాళ్ల దేవతలు, వాళ్ల చరిత్ర, జరిగిన అన్యాయాన్ని ఒప్పుకొని మళ్లీ మాట కలుపుకోవడం ఎలా అన్నది విషయం. చెప్పేది భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒక కోయ టీచరమ్మ. గొంతు పెంచేది కాదు. అడవిలో ఏ చెట్టు దగ్గర చెప్పులు ఎందుకు విప్పుతారో ఆమె చెబుతుంటే ఫ్యాన్ల చప్పుడు కూడా అడ్డమనిపించేది. మా పెద్దమ్మ అదేదో భక్తి ఉపన్యాసం అనుకొని నా వెంట వచ్చింది. ఉత్త చేతులతో ఎక్కడికీ వెళ్లే అలవాటు లేదు కనుక కొత్త మామిడికాయ తురిమి, పులిహోర కలిపి, డబ్బా నిండా తెచ్చింది. టీచరమ్మ దండం పెట్టి డబ్బా పక్కన పెట్టేసింది. పెద్దమ్మ మొహం మాడిపోయింది. ఆవిడ పులిహోరను కాదన్నవాళ్లు మా వంశంలో లేరు మరి. "ఏమనుకోకండ్రి అమ్మా, మా ఊళ్లె కొత్తల పండుగ ఇంక కాలె. కొత్త కాయ ముందుగాల తల్లికి పెట్టాలె. అప్పటిదాక మేం ముట్టం" అంది టీచరమ్మ.

తర్వాతి ఆదివారం చరిత్ర. వాళ్ల అవ్వ కాలంలో, సరిగ్గా ఆ పండుగ ముందు, అడవి సర్కారుదంటూ వచ్చి ఊళ్లో గుడిసెలు పీకేశారట. ఆ ఏడు పండుగ లేదు. కాయలన్నీ చెట్ల కిందే రాలి కుళ్లాయట. నేను బెదురుగా పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తండ్రి, అంటే మా తాత, ఫారెస్టు రేంజరు. ఆయన ఫొటోను రోజూ తుడిచిగానీ కాఫీ తాగదు. కోపంగా లేచి వెళ్లిపోతుందనుకున్నాను. లేచింది గానీ వెళ్లలేదు. "మా నాయిన గా దిక్కే పని చేసిండు బిడ్డా. గుడిసెలు పీకించినమని ఇంట్ల చెప్తుండె. మేం గొప్పగ వింటుంటిమి" అంది. అంత ధైర్యం ఆవిడలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

టీచరమ్మ పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. "మాఫ్ చెయ్యనీకి నేనొక్కదాన్ని ఎవర్నమ్మా? మీ మాట మా ఊళ్లె చెప్త" అంది. "చెప్పు. పండుగైనంక నాకో ఫోన్ చెయ్యి. అప్పటిదాక మా ఇంట్ల మామిడికాయ కొయ్యం" అంది పెద్దమ్మ.

ఇంతలో ఉగాది రానే వచ్చింది. పచ్చట్లో మామిడి ముక్క లేదు. "వగరు లేని ఉగాది ఏందక్కా? నాయిన ఉంటే ఊకుంటుండెనా?" అని మామయ్య రుసరుసలాడాడు. పెద్దమ్మ అతని గ్లాసు నింపుతూ "ఊకోడు. ఇన్నేండ్లు మన వంతు వగరు గూడ వాళ్లే తాగిన్రు. జర నువ్వు ఇది తాగు" అంది.

బళ్ల మీద కాయలు పండబారుతున్నా ఫోను రాలేదు. వాళ్లకు మనతో మాట అక్కర్లేదేమోనని పెద్దమ్మ లోలోపల కుమిలిపోయింది. చివరికి ఒక మధ్యాహ్నం మోగింది. "పండుగ అయిందమ్మా. మీ మాట తల్లి ముందట చెప్పినం. ఇగ తినుండ్రి." పెద్దమ్మ ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది, కళ్లు తుడుచుకుంటూ తింది. కారం ఎక్కువైందని బుకాయించింది.

అప్పట్నుంచి ఏటా ఇంతే. ఆ ఫోను వచ్చేదాకా మా ఇంట్లో ఎండాకాలం మొదలుకాదు. తరాల తరబడి ఆగిపోయిన మాట కోసం నాలుగు వారాలు ఆగడం ఆలస్యమేమీ కాదని, ఖాళీ సంచీతో నడిచి వస్తుంటే అనిపించింది.