మా అత్త మింగిన కోపం

"బావా, అమ్మ పోయింది. పొద్దుగాల గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పోయింది. అందరికీ జెర నువ్వే చెప్పు."

ఫోన్‌లో ఈ మాట చెప్పిన పిల్ల థాయ్‌లాండ్‌లో పుట్టింది, అక్కడే పెరిగింది. కన్నతల్లీ కన్నతండ్రీ ఆ దేశంవాళ్లే. అయినా పెంచిన తల్లి చావు కబురు మా ఊరు గార్ల యాసలో చెప్పింది. జనగామలో నేను పనిచేసే బడి వరండాలో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ యాస మాట్లాడినందుకు ఆ తల్లికి, అంటే మా మేనత్తకు, ఇక్కడ ఏం జరిగిందో నాకు తెలుసు.

అత్త మొదట మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్పేది. పిల్లలకు ఆమె అంటే ప్రాణం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్‌కు మాత్రం ఆమె నోరు తెరిస్తే నవ్వొచ్చేది. "మీ తెలుగే మొరటుగా ఉంటుందమ్మా, ఇక ఇంగ్లిష్ ఏం నేర్పుతారు?" అని స్టాఫ్ అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వేసవి తర్వాత ఆమెను రావద్దన్నారు. ట్రైనింగ్‌లో కలిసి చదివిన కేరళ స్నేహితురాలు అప్పటికే థాయ్‌లాండ్‌లో టీచర్. ఆమె పిలిస్తే అత్త వెళ్లిపోయింది.

అక్కడ బడి ఎదురుగా ఒకాయన చిన్న హోటల్ నడిపేవాడు. భార్య చనిపోయింది, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అత్త తరగతిలోనే చదివేది. రోజూ తల దువ్వుకోకుండా వచ్చే ఆ పిల్లకు అత్త జడ వేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏడాదికి వాళ్ల నాన్నను పెళ్లి చేసుకుంది.

ఆ కబురు తెలిసిన రోజు మా పెదనాయిన చేసిన రభస ఇంకా చెవుల్లో ఉంది. ఆయన భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసేవాడు, చర్చిలో పెద్ద. "బుద్ధుని మొక్కెటోన్ని చేసుకున్నదా? ఇగ నాకు చెల్లె లేదు. గార్లల అడుగు పెట్టొద్దని చెప్పుండ్రి" అన్నాడు. ఆయన తమ్ముడైన మా బాపు తల వంచుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

పెళ్లయిన కొన్నేళ్లకే అత్త భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన అన్నదమ్ములు వచ్చి, "నువ్వు పరాయి దేశందానివి. పిల్లల్ని మాకిచ్చి పో" అన్నారట. ఇక్కడ పెదనాయిన రావద్దన్నాడు, అక్కడ వాళ్లు పొమ్మన్నారు. అత్త ఎటూ కదల్లేదు. పిల్లలిద్దరూ ఆమె చీర కొంగు పట్టుకుని వదల్లేదట.

అయితే ఆమె ఆ దేశంలో ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పిల్లలు పోతారు. ఈ సంగతి బడివాళ్లకు బాగా తెలుసు. దేశాలు తిరుగుతూ వచ్చిన ఒక తెల్ల కుర్రాడిని తెచ్చి ఆమె చెప్పే పై తరగతులు అతనికిచ్చారు. తల్లిదండ్రులు గేటు దగ్గర తెల్ల ముఖం చూడాలనుకుంటున్నారట. అతనికి పాఠం చెప్పడం రాదు. అతను చెప్పాల్సిన పాఠాలు రాసిపెట్టే పని అత్తకిచ్చారు. మహబూబాబాద్‌లో ఆమె తెలుగు బాగాలేదన్నారు, అక్కడ ఆమె ముఖం బాగాలేదన్నారు. ఆమె ఇంగ్లిష్‌లో తప్పు మాత్రం ఎవరూ చూపించలేకపోయారు.

"ఎట్ల ఓర్చుకున్నవత్తా?" అని ఒకసారి ఫోన్‌లో అడిగాను.

"ఓర్చుకున్ననని ఎవలన్నరు? ఇంటికొచ్చి రోట్లె మిరపకాయలు దంచేదాన్ని. పోరగాండ్లు రోలు సప్పుడు వినే, అమ్మ ఇయ్యాల ఎంత గుస్సల ఉన్నదో చెప్పేటోళ్లు" అని నవ్వింది. తర్వాత అంది, "కోపం బుక్కెడు బువ్వ అసొంటిదిరా. మింగితే బలమైతది, కక్కితే కంపైతది."

ఆ బలంతోనే ఇద్దరినీ చదివించింది. పెద్దది నర్సు అయింది. చిన్నది తల్లిలాగే ఇంగ్లిష్ టీచర్. నేనూ ఆమె చలవతోనే ఇంగ్లిష్ టీచర్‌నయ్యాను. ఆదివారం ఫోన్‌లో పాఠం చెప్పేది. పాఠం కాగానే, "ఇగ సాలు. వారమంత ఇంగ్లిష్ మాట్లాడి నోరు నొస్తాంది. మన మాట మాట్లాడు. కేసముద్రం మార్కెట్ల పత్తి వస్తాందా? వానలు పడ్డయా?" అనేది. పిల్లలు ఆ మాటలు వింటూనే మన తెలుగు నేర్చుకున్నారు.

ఇక్కడికి మళ్లీ ఒక్కసారే వచ్చింది, నానమ్మ పోయినప్పుడు. ఎవరినీ అడక్కుండా, పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. సమాధి దగ్గర అందరం మట్టి వేస్తుంటే పెదనాయిన ఆ పిల్లలకు చెయ్యి అడ్డం పెట్టాడు. "మనోళ్లే ఎయ్యాలె. గీళ్లు మనోళ్లు కాదు."

అత్త వంగి పిడికెడు మట్టి తీసి పెద్దపిల్ల దోసిట్లో పోసింది. ఇంకో పిడికెడు చిన్నదాని దోసిట్లో పోసింది. "ఎయ్యుండ్రి బిడ్డా. మీ అమ్మమ్మ ఆమె" అంది. పిల్లలు వేశారు. పెదనాయిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఎవరో ముసలమ్మ అడిగింది, "నీ కడుపున పుట్టినోళ్లు కాదట గద?"

"కడుపుల మోసెటోళ్లు తొమ్మిది నెలలే మోస్తరు అవ్వా. నేను ఇంకా మోస్తనే ఉన్న" అంది అత్త, వాళ్ల కంచాల్లో పచ్చిపులుసు పోస్తూ.

నిన్న గార్ల చర్చిలో ఆమెను తలుచుకుంటూ ఆదరణ కూడిక పెట్టారు. పెట్టించింది పెదనాయినే. చెల్లె లేదన్న నోటితోనే మైకు పట్టుకుని, "మా చెల్లె దేశం గాని దేశంల మన ఊరి పేరు నిలబెట్టింది" అన్నాడు. ఫోన్‌లో వీడియో పెడితే ఆ పిల్లలిద్దరూ రెండు మాటలు మాట్లాడతారని అడిగాను. "టైం లేదు" అన్నాడు. భోజనాలకు మాత్రం టైం ఉంది.

బయటికి వచ్చేశాను. గేటు దగ్గర భూపాలపల్లిలో కొట్టించుకొచ్చిన పెద్ద ఫ్లెక్సీ ఉంది. అత్త నవ్వుతోంది. నా వెనకే వచ్చిన పెదనాయిన, "ఫొటో మంచిగొచ్చింది గదరా" అన్నాడు. ఆ ఫొటో నాకు తెలుసు. అత్త కుర్చీలో కూర్చుంటే వెనక ఇద్దరు బిడ్డలూ నిలబడి దిగారు. ఫ్లెక్సీలో బిడ్డలు లేరు.

"ఆమె భుజం మీద గా చెయ్యి ఎవలది పెదనాయినా?" అని అడిగాను.

ఆయన దగ్గరికి వెళ్లి చూశాడు. "కంప్యూటరోడు సక్కగ కొయ్యలేనట్టున్నది" అని గొణిగి లోపలికి పోయాడు.

నేను అక్కడే నిలబడ్డాను. గాలికి ఫ్లెక్సీ ఉబ్బుతూ అణుగుతూ ఉంది. మణికట్టు దగ్గర తెగిన ఆ చెయ్యి మాత్రం అత్త భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.