నా లెవెల్ నేనే ఎక్కాను

మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. కిందటేడు సెలవుకి వచ్చినప్పుడు, తను స్నేహితులతో ఆడే ఆన్‌లైన్ గేమ్ నా ఫోన్లో కూడా ఎక్కించేరు. దూరంగా ఉన్నా అందులో కలిసి తిరగొచ్చని ఇద్దరికీ ఆశ.

తీరా మొదలుపెడితే, నా బొమ్మ చేతిలో ఓ కర్ర, చుట్టూ చిన్న పల్లె. అడవిపందుల్ని తరమడం, మందాకులు కోసుకురావడం, ఒకరి కబురు ఇంకొకరికి చేరవెయ్యడం, ఇంతే పని. ఎన్నాళ్లాడినా కథ ఆ ఊరి పొలిమేర దాటదే! ఆయనేమో పెద్ద లెవెల్లో, ఎక్కడో కొండల మీద యుద్ధాలు చేస్తున్నారు.

"ఆ కథంతా చదవక్కర్లేదు. నీ పాస్‌వర్డ్ చెప్పు, రెండ్రోజుల్లో నేను పెంచేస్తాను" అన్నారు ఫోన్లో.

"వద్దండీ, నేనే ఆడుకుంటాను" అన్నాను.

రాజోలులో నాకు చిన్న టైలరింగ్ షాపుంది. మధ్యాహ్నం ఎవరూ రానప్పుడు మిషనుకి ఫోను ఆనించి ఆడేదాన్ని. ఆటలో ఆ పల్లె కమ్మరి కూతురు ఎందుకు అలిగిందో, వంతెన ఎవరు కూల్చేరో, అన్నీ ఓపిగ్గా చదివేను. నెమ్మదిగా చేతిలోకి విల్లొచ్చింది, కొండదారి తెరుచుకుంది.

వానలు మొదలయ్యేక ఓ శుక్రవారం, ఆయనకి సెలవు రోజున, ఆటలో కొండ మీదున్న వాళ్ల గుంపు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లేను.

"ఎవరండీ మీరు?" అన్నారు ఆట మైకులో ఆయన స్నేహితుడొకాయన.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "మా ఆవిడండీ. ఒక్క లెవెల్ కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు."

"ఆయ్, నిజమేనండీ" అన్నాను, తలెత్తుకుని. ఆ పూట యుద్ధంలో వాళ్లందరి సరసన నిలబడ్డాను.